పేదరికాన్ని నిర్లక్ష్యమని రాయకండి!

మేము చేసే పనికి కాగితం మీద ఒక పేరుంది, మన పేటల్లో ఇంకో పేరుంది. కాగితం మీద 'కుటుంబ సభ్యుల సందర్శన – పర్యవేక్షణ'. పేటల్లో ఒకటే మాట: ములాఖత్తు. "రేపు పిల్లోడి ములాఖత్తండి, పనిలోకి రాను" అని రొయ్యల షెడ్డులో మేస్త్రికి చెప్పుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కే తల్లులు ఈ కోనసీమలో వున్నారు. ములాఖత్తు జైలు మాట. ఖైదీని చూడబోయేవాళ్ళ మాట. మరి ఇక్కడ ఖైదీ ఎవరు? ఏడేళ్ళ పిల్లోడా? వాణ్ణి కన్న తల్లా? ఏం నేరం చేశారు? ఏ సెక్షను కింద? ఆ తల్లికి తెలీదు. బిడ్డకి అంతకంటే తెలీదు.

మేమంటే ఎవరం? బాలల సంక్షేమ సమితి ఆర్డరు మీద హోముల్లో వుంటున్న పిల్లల్ని చూడ్డానికి కన్నవాళ్ళు వచ్చినప్పుడు, అదే గదిలో ఓ మూల కూర్చునేవాళ్ళం. బిడ్డ చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకురావాలి. టైము చూడాలి. ఎవరేం మాట్లాడారో వినాలి. తేడా వస్తే అడ్డం పడాలి. వాళ్ళు వెళ్ళిపోయాక ఏడ్చే బిడ్డని ఊరుకోబెట్టాలి. ఆఖర్న రిజిస్టర్లో నాలుగు లైన్లు రాయాలి. అదీ పని. కాంట్రాక్టు ఉద్యోగాలు, అవుట్‌సోర్సింగు ఉద్యోగాలు. మాలో ఎక్కువమందిమి మాలపేటల్లో, మాదిగపేటల్లో పుట్టి, సోషల్ వెల్ఫేర్ హాస్టల్లో పలచటి చారు తాగి చదువుకున్నవాళ్ళమే. పేరు రాస్తే వచ్చే ఏడు రెన్యువల్ వుండదు. అందుకే 'మేము' అని రాస్తున్నాం.

ఈ వ్యాసం ఆ నాలుగు లైన్ల గురించే. చూడ్డానికి చిన్న రాత. కానీ బిడ్డ ఇంటికెళ్ళాలా, హోములోనే వుండాలా అన్నది తేల్చేటప్పుడు ఆ రాతే బల్ల మీదికొస్తుంది. తల్లి ఏం చెప్పుకుందో ఎవరికీ గుర్తుండదు. మేము ఏం రాశామో మాత్రం ఫైల్లో వుంటుంది.

ఒక తల్లి సంగతి చెప్తాం. ఊరు చెప్పం, పేరు చెప్పం. రాజోలు వైపు మనిషి. మొగుడు వదిలేశాడు. నాలుగేళ్ళ కొడుకుని తల్లి దగ్గర పెట్టి కువైట్ వెళ్ళింది. నెలనెలా డబ్బు పంపింది. మూడేళ్ళయ్యాక ఆ ముసలమ్మకి పక్షవాతం వచ్చి చనిపోయింది. పిల్లోడు మేనమామ పంచన పడ్డాడు. మేనమామ తాగుబోతు. ఒకరోజు రాత్రి పిల్లోడు బస్టాండులో ఒక్కడూ పడుకుని వుంటే ఎవరో పుణ్యాత్ములు 1098కి ఫోన్ చేశారు. అక్కణ్ణుంచి సమితి ముందుకి, అక్కణ్ణుంచి హోముకి. ఇక్కడిదాకా ఎవరిదీ తప్పు లేదు. రాత్రిపూట బస్టాండులో పడుకున్న పిల్లోణ్ణి తీసుకెళ్ళి అన్నం పెట్టడం మంచిపనే.

కబురు తెలిశాక ఆ తల్లి కువైట్ నుంచి బయటపడ్డానికి ఏడు నెలలు పట్టింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో వుంది మరి. దిగిన వారానికి హోముకొచ్చింది. గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబులు, గోడ మీద బాబాసాహెబ్ ఫొటో. టేబుల్ కవతల మేడంగారు, మూల కుర్చీలో మేము. ఆమె తెచ్చిన జంతికలు, కువైట్ నుంచి తెచ్చిన బొమ్మకారు బయటే పెట్టించారు. బయటి తిండి లోపలికి రాకూడదని రూలు. "కూర్చోమ్మా" అన్నాం. కూర్చోలేదు. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లోడు ఆయమ్మ వెనకాల దాక్కున్నాడు. అరగంటసేపు ఆమె వాణ్ణి అలా చూస్తానే వుంది. పిలవలేదు. దగ్గరికెళ్ళలేదు. ఏడవను కూడా లేదు. టైమైపోయింది.

మేము రిజిస్టర్లో ఏం రాశామో తెలుసా? "తల్లి బిడ్డను దగ్గరకు తీసుకొనలేదు. ఆప్యాయత కనబరచలేదు. బిడ్డ తల్లి వద్దకు వెళ్ళుటకు సుముఖత చూపలేదు." మాలపేటలో పుట్టిన మేమే రాశాం. అందులో ఒక్క అబద్ధం లేదు. ఒక్క నిజం కూడా లేదు.

గేటు దగ్గర ఆమె మా చెయ్యి పట్టుకుని ఒక మాట అడిగింది. "మేడంగారు ఎదురుగుండా వున్నప్పుడు వాణ్ణి ముట్టుకోవచ్చాండీ?"

అన్నలారా, అక్కలారా! ముట్టుకోవచ్చా అని అడగడం మన తాతముత్తాతలకి నేర్పిన చదువు. నూతి దగ్గర అడిగారు. కొట్టుకాడ అడిగారు. హోటల్లో గ్లాసు దగ్గర అడిగారు. ఇవాళ ఒక తల్లి కన్నకొడుకుని ముట్టుకోవచ్చా అని అడిగింది. ఆఫీసరు ముందు కుర్చీలో కూర్చోవడం ఆమెకి ఏ బడీ నేర్పలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డం మాత్రం ఈ ఊరూ, కువైట్లో యజమానురాలూ ఇద్దరూ నేర్పారు. ఆమె కట్టుకున్న చేతుల్ని మేము 'ఆప్యాయత లేకపోవడం' అని చదివాం. భయాన్ని ప్రేమ లేకపోవడం కింద రాశాం. ఆ రోజునుంచీ ఆ రిజిస్టరు తెరవాలంటే మాకు చెయ్యి వొణుకుతుంది.

అసలు మన పిల్లలు హోములకి ఎలా వెళ్తున్నారు? కోనసీమంటే కొబ్బరిచెట్లూ, పచ్చటి చేలూ, గోదావరి పాయలూ అని సినిమావాళ్ళు చూపిస్తారు. ఆ కొబ్బరి ఎవరిది? ఆ చేలు ఎవరివి? దింపు మనది, వలుపు మనది, ఊడ్పు మనది, కోత మనది. తోట మాత్రం మనది కాదు. అందుకే నలభై ఏళ్ళకి పైబడి సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు, మామిడికుదురు మొదలు అల్లవరం, కాట్రేనికోన దాకా మన ఆడవాళ్ళు కువైట్‌కీ, మస్కట్‌కీ, దుబాయ్‌కీ ఇంటిపనికి పోతున్నారు. పిల్లలు అమ్మమ్మల దగ్గర. అమ్మమ్మ వున్నన్నాళ్ళూ హోముతో పని లేదు. అమ్మమ్మ మంచాన పడితే ఆ బిడ్డకి దిక్కేదీ? ఒకరికి అమ్మమ్మ పోయింది. ఒకరికి నాన్న చెట్టు మీంచి పడ్డాడు. ఒకరింట్లో సారా, ఇంకొకరింట్లో జబ్బు. కారణాలు వేరు. వెనకాల లేమి మాత్రం ఒక్కటే.

ఇంటిపనికి గల్ఫ్ వెళ్ళే ఆడమనిషికి ముప్పై ఏళ్ళు నిండాలని మన దేశం రూలు పెట్టింది. రక్షణ కోసమే పెట్టారు. కానీ ఆకలి ముప్పై ఏళ్ళు నిండేదాకా ఆగదు కదా. ఏజెంటు విజిట్ వీసా మీద పంపేస్తాడు. అలా వెళ్ళిన తల్లికి ఏ కాగితమూ వుండదు. రేపు బిడ్డ విషయం వచ్చినప్పుడు "నేను పనికెళ్ళాను, డబ్బు పంపాను" అని రుజువు చేసుకోడానికి ఆమె చేతిలో ఏమీ వుండదు. 'బిడ్డను వదిలి వెళ్ళిన తల్లి' అని ఒక్క ముక్కలో రాసేస్తారు.

ఇక్కడ కులం ఎలా పనిచేస్తుందో చూడండి. పెద్దకులాల వాళ్ళ అబ్బాయీ, కోడలూ అమెరికాలో వుద్యోగాలు చేసుకుంటూ ఆరు నెలల పసిబిడ్డని తెచ్చి అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్తే అది 'కెరీరు'. చుట్టాలంతా "పాపం, బిడ్డకోసం ఎంత బెంగ పెట్టుకున్నారో" అంటారు. మన మరియమ్మో, సత్యవతో కువైట్ వెళ్తే అది 'వదిలేసి పోవడం'. సముద్రం ఒక్కటే, అమ్మమ్మ ఒక్కటే, బెంగ ఒక్కటే. రాసే మాట మాత్రం వేరు.

పేదల పిల్లల్ని పేదల నుంచి తీసేసి బాగుచేస్తామనే ఆలోచన ఇవాళ్టిది కాదు. తెల్లదొర 1911లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టాన్ని మళ్ళీ రాసినప్పుడు, ఆరేళ్ళు దాటిన పిల్లల్ని కన్నవాళ్ళ నుంచి విడదీసి సర్కారు బడుల్లో పెట్టే అధికారం అందులో రాసుకున్నాడు. మన బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో ఎరుకలవాళ్ళని సాల్వేషన్ ఆర్మీ కాపలాలో పెట్టింది ఆ చట్టాల కిందే. ఆ చట్టం 1952లో రద్దయింది. "వీళ్ళ పెంపకం మంచిది కాదు" అనే ఆలోచన రద్దయిందా?

ఇంకా దగ్గరికి రండి. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ హైదరాబాదు దత్తత సంస్థల బాగోతం బయటపడింది. లంబాడా తండాల నుంచి ఆడపిల్లల్ని కొద్దిపాటి డబ్బుకి కొని, తల్లుల చేత కాగితాల మీద వేలిముద్రలు వేయించి, పై దేశాలకి దత్తత పంపిన వ్యవహారం అది. ఆ తల్లులకి ఆ కాగితంలో ఏముందో తెలుసా? చదివి వినిపించిన నాథుడున్నాడా? ఆనాడు తండాలో వేలిముద్ర. ఈనాడు పేటలో రిజిస్టరు. మన బిడ్డల తలరాత మనం చదవలేని కాగితం మీదే రాస్తున్నారు.

ఇది మన దేశం గోలే కాదు. ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసుల పిల్లల్ని తరాల తరబడి ఎత్తుకెళ్ళి హోముల్లో, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో పెంచారు. దానిమీద 1997లో పెద్ద విచారణ నివేదిక వచ్చింది. 2008 ఫిబ్రవరి 13న ఆ దేశ ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో నిలబడి క్షమాపణ చెప్పాడు. 2011లో నార్వేలో ఒక బెంగాలీ జంట దగ్గర్నుంచి ఇద్దరు చంటిపిల్లల్ని అక్కడి అధికారులు తీసుకుపోయారు. చేత్తో అన్నం తినిపించడాన్నీ, పక్కలో పడుకోబెట్టుకోవడాన్నీ తప్పు పట్టారని కన్నవాళ్ళు మొత్తుకున్నారు. ఢిల్లీ కదిలింది. విదేశాంగ మంత్రి మాట్లాడాడు. 2012 ఏప్రిల్లో పిల్లలు మన దేశానికొచ్చారు. మంచిదే, మేము సంతోషించాం. కానీ అడుగుతున్నాం: అమలాపురం దగ్గర పాకలో తల్లి పక్కలో పడుకునే బిడ్డ గురించి "ప్రత్యేకమైన పడక సదుపాయం లేదు" అని ఇంటి విచారణలో రాస్తే, ఏ ఢిల్లీ కదుల్తుంది? ఏ మంత్రి మాట్లాడతాడు?

చట్టం ఏం చెప్తోంది? చట్టం మన తల్లుల వైపే వుంది. వినండి, వాడలో నలుగురికీ చెప్పండి. 2015 బాలల న్యాయచట్టం మూడో సెక్షన్లో సూత్రాలు రాశారు. బిడ్డని పెంచే మొదటి బాధ్యత కన్న కుటుంబానిదే. హోములో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక ఆఖరి దారి. వీలైనంత త్వరగా బిడ్డ తన ఇంటికి చేరాలి. బిడ్డ దొరికిన 24 గంటల్లో సమితి ముందు పెట్టాలి. 15 రోజుల్లో ఇంటి విచారణ నివేదిక రావాలి. 4 నెలల్లో విచారణ ముగించాలి. 1992లో మన దేశం ఒప్పుకున్న బాలల హక్కుల ఒడంబడికలో, విడిగా వుంటున్న బిడ్డకి తల్లిదండ్రుల్ని కలుస్తూ వుండే హక్కుందని రాసి వుంది. బిడ్డకి చెడు జరుగుతుందంటే తప్ప దాన్ని ఆపకూడదు. 2009లో ఐక్యరాజ్యసమితి ఇచ్చిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా చెప్పాయి: డబ్బు లేకపోవడం ఒక్కటే బిడ్డని కుటుంబం నుంచి తీసేయడానికి కారణం కాకూడదు. పేదరికం కనిపిస్తే ఆ ఇంటికి సాయం చెయ్యాలని దాని అర్థం.

సాయం వుందా? వుంది. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని బిడ్డకి నెలకి 4,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటుంది. మొగుడు పోయిన, మొగుడు వదిలేసిన తల్లుల పిల్లలకీ, చుట్టాల దగ్గర పెరుగుతున్న అనాథలకీ అది వర్తిస్తుంది. పల్లెలో ఏడాది ఆదాయం 72,000, పట్నంలో 96,000 మించకూడదు. హోములో వున్న బిడ్డని ఇంటికి పంపేటప్పుడూ ఇవ్వొచ్చు. మా గదికి వచ్చే తల్లుల్ని "ఈ సంగతి ఎవరైనా చెప్పారా?" అని అడిగి చూశాం. "ఏ డబ్బులండీ?" అన్నవాళ్ళే ఎక్కువ.

ఇక్కడ మన వాళ్ళకి కోపం వచ్చే మాట ఒకటి చెప్పాలి. కన్నవాళ్ళందరూ దేవుళ్ళు కాదు. మా దగ్గర ఒక పాప వుండేది. నాన్న వచ్చాడంటే గోడకి అతుక్కుపోయి బట్టలు తడిపేసుకునేది. ఎందుకో ఆ బిడ్డ ఒళ్ళు చూస్తే తెలిసింది. అలాంటి బిడ్డకి మా కాపలా కావాలి. బిడ్డ వద్దంటే ఆ ములాఖత్తే వద్దు. బిడ్డని హింసించినవాళ్ళకి చూసే హక్కు లేదని రూల్సులోనే వుంది. మన కులపోడు కదా, మన సంఘం మనిషి కదా అని వెనకేసుకు రావద్దు. "ఇంటి గొడవ, బయటికెందుకు" అనే పెద్దమనుషులు మన పేటల్లోనూ వున్నారు. బిడ్డని కొట్టేవాడు మాలోడైనా, మాదిగోడైనా, మారాజైనా ఒకటే.

మా కాపలా ఎత్తేయమని మేము అడగటం లేదు. కొట్టిన తండ్రికీ, కూలికెళ్ళిన తల్లికీ ఒకే కాపలా, ఒకే కలం పెట్టొద్దంటున్నాం. హింసని హింస అని రాయండి. పేదరికాన్ని పేదరికం అని రాయండి. రెంటినీ కలిపి 'నిర్లక్ష్యం' అని రాస్తే, కొట్టినవాడు దాక్కుంటాడు, పస్తులున్న తల్లి దొరికిపోతుంది.

రాతలో కులం ఎలా దూరుతుందో మాకు తెలుసు, మేమే రాశాం కాబట్టి. "తల్లి సమయపాలన పాటించలేదు" అని రాస్తారు. అంతర్వేది నుంచి అమలాపురానికి ఎన్ని బస్సులు మారాలో రాయరు. "ఇంటి పరిసరములు అపరిశుభ్రముగా ఉన్నవి" అని రాస్తారు. ఊరి మురుగంతా పేటలోకే తోశారని రాయరు. "తల్లి నిరక్షరాస్యురాలు" అని రాస్తారు. ఆవిడ పంపిన కువైట్ డబ్బుతోనే పిల్లోడు మూడేళ్ళు కాన్వెంటులో చదివాడని రాయరు. "బిగ్గరగా మాట్లాడుతుంది" అని రాస్తారు. పొలంలో ఈ గట్టు మీంచి ఆ గట్టుకి కేకేసి బతికిన గొంతు అదేనని రాయరు. మూడు నెలలు వరసగా వచ్చి, నాలుగో నెల రాకపోతే "ఆసక్తి తగ్గినది" అని రాస్తారు. ఆ నెల వరదొచ్చి లంక మునిగిందని, రేవులో పడవ కట్టలేదని రాయరు. ప్రభుత్వం ఇవ్వనివన్నీ తల్లి చెయ్యనివిగా మారిపోతాయి. కలం చేసే అంటరానితనం ఇదే.

మా గోడు కూడా చెప్పుకోవాలి, కానీ కుప్తంగా. నెలల తరబడి జీతం రాని రోజులు మాకు తెలుసు. పొద్దున ఇంటి విచారణ, మధ్యాన్నం సందర్శన, సాయంత్రం ఆన్‌లైన్ ఎంట్రీ. తల్లి పక్షాన నాలుగు మంచి మాటలు రాస్తే "నీకేమన్నా చుట్టమా?" అని వెటకారం. మా కులం తెలిసిన వాళ్ళు ఆ మాట ఇంకోలా అంటారు. అవును, చుట్టమే. ఆ గదిలో ఆ తల్లి భాష తెలిసిన వాళ్ళం మేమే. ఆ తెలివిని పనికిరానిదని పక్కన పడేసి, ఆఫీసు తెలుగులో రాయమంటున్నారు. ఉద్యోగం కోసం రాశాం. ఇకముందు అలా రాయబోం.

ఉద్యమంలో వున్న అన్నలకి ఒక మాట. కారంచేడు, చుండూరు మనకి కాగితం విలువ నేర్పాయి. ఎఫ్ఐఆర్‌లో ఏ పేరు వదిలేశారో, ఏ సెక్షను పెట్టలేదో చూడకుండా మన కార్యకర్త స్టేషను గడప దిగడు. 2022లో జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టినప్పుడు, మే 24న అమలాపురంలో మంటలు రేగినా, పేరు వెనక్కి పోకుండా నిలబడ్డాం. బోర్డు మీద ఆ పేరు వుంది. కానీ ఆ పేరు పెట్టుకున్న జిల్లాలో మన తల్లి కుర్చీలో కూర్చోడానికి భయపడుతోంది. భూమి కేసుకి వచ్చే అన్న, విగ్రహం కేసుకి వచ్చే అన్న, ములాఖత్తుకి ఒక్కడు రాలేదు. అది ఆడవాళ్ళ గొడవ, పిల్లల గొడవ అనుకున్నారా? ఇల్లు చెదిరితే వాడ చెదిరినట్టే. ఆ రిజిస్టరు కూడా ఎఫ్ఐఆరే. చదవడానికి రండి.

మా డిమాండ్లు ఇవి:

1. సందర్శన ఆదివారాలూ, పనిలేని పూటలూ పెట్టాలి. నెలకొక్కసారి అనేది మామూలు లెక్క. అవసరాన్ని బట్టి ఎక్కువసార్లు చూడనిచ్చే వీలు 2016 రూల్సులోనే వుంది. ఆ వీలు మన తల్లులకి ఇవ్వాలి. రానూపోనూ బస్సు ఛార్జీలు ఇవ్వాలి.

2. గదిలోంచి టేబులు తీసేయండి. చాప వెయ్యండి. తల్లి బిడ్డకి తల దువ్వాలి, అన్నం కలిపి పెట్టాలి, ఒళ్ళో పడుకోబెట్టుకోవాలి. అలా చూస్తేనే ప్రేమ వుందో లేదో తెలుస్తుంది.

3. రాసిన లైన్లు అదే రోజు, అదే గదిలో, మామూలు తెలుగులో చదివి వినిపించాలి. తల్లి ఏమన్నదో అది కూడా కింద రాయాలి. ఆమెకి ఒక కాపీ ఇవ్వాలి.

4. ఇల్లు, కులం, చదువు, సంపాదన – వీటిని తల్లి లోపాలుగా రాయకూడదు. ఆ ఇంటికి ఏ సాయం అందలేదో రాయాలి.

5. బిడ్డని హోముకి పంపేముందు స్పాన్సర్‌షిప్ అడిగారా, ఇచ్చారా, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదు – ఈ మూడూ ఆర్డర్లో వుండాలి.

6. గల్ఫ్‌లో వున్న తల్లికి హోము నుంచి వారంవారం వీడియో కాల్ కలపాలి. బిడ్డకి తల్లి గొంతు మర్చిపోయేదాకా వుంచి, ఆనక "గుర్తుపట్టలేదు" అని రాయడం అన్యాయం.

7. సమితిలో, బాలల సంరక్షణ విభాగంలో దళిత ఆడవాళ్ళు వుండాలి. ఆ గదిలో కూర్చునే మా లాంటివాళ్ళకి నెలనెలా జీతం, సరైన శిక్షణ, రాసినదానికి రక్షణ వుండాలి.

ఇవి సర్కారు చెయ్యాల్సినవి. మనం చేసుకోవాల్సినవీ వున్నాయి. గల్ఫ్ వెళ్ళే అక్కలారా, బిడ్డని ఎవరి దగ్గర పెడుతున్నారో తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు పెట్టించి, బడిలో ఒక కాపీ, సంఘంలో ఒక కాపీ ఇవ్వండి. డబ్బు పంపిన రసీదులు పారేయొద్దు. ఒక్క అమ్మమ్మ మీదే భారం పెట్టొద్దు, ఆమె తర్వాత ఎవరో కూడా ముందే అనుకోండి. బిడ్డ హోముకి వెళ్ళాడని తెలిస్తే ఆర్డరు కాపీ అడగండి. సమితి ఆర్డరు నచ్చకపోతే 30 రోజుల్లో పిల్లల కోర్టుకి అప్పీలు చేసుకోవచ్చు. స్పాన్సర్‌షిప్ విషయమైతే కలెక్టరుకి. లాయరు ఫీజుకి భయపడొద్దు. 1987 న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకీ, పిల్లలకీ, ఎస్సీ ఎస్టీలకీ ఆదాయంతో పనిలేకుండా ఉచిత లాయరు వస్తాడు. ఫోన్ నంబరు 15100. ములాఖత్తుకి ఒంటరిగా వెళ్ళొద్దు. గదిలోకి రానివ్వకపోయినా గేటు దగ్గర మన మనిషి ఒకరున్నారంటే కలం జాగ్రత్తగా నడుస్తుంది.

ఆ రాజోలు తల్లి సంగతి చెప్పి ముగిస్తాం. రెండో నెల వచ్చింది. మేము కుర్చీలు గోడకి నెట్టి, ఆయమ్మ చాప తెచ్చి వేసింది. మేము ముందు కింద కూర్చున్నాం. అప్పుడు ఆమె కూర్చుంది. మేడంగారు ఏమనుకున్నారో గానీ ఏమీ అనలేదు. ఆమె కొంగుముడిలోంచి చిన్న దువ్వెన తీసింది. పిల్లోడి వంక చూడకుండా, మా వంక చూస్తూ, "చిన్నప్పుడు వీడికి పాపిడి ఎడం పక్కకి తీసేదాన్నండి" అంది. పిల్లోడు కాసేపు విన్నాడు. ఆయమ్మ వెనకాల్నుంచి బయటికొచ్చాడు. దగ్గరికొచ్చి, తల వంచి కూర్చున్నాడు.

"ముట్టుకో అమ్మా" అని మేము అనలేదు. అనాల్సిన పని లేకపోయింది.

ఆ పూట రిజిస్టర్లో ఇలా రాశాం: "తల్లి బిడ్డకు తల దువ్వింది. బిడ్డ కూర్చున్నాడు. టైమైపోయిందని మేము చెప్పినా లేవలేదు." చదివి వినిపించాం. ఆమె విని, "ఇదీ రాయొచ్చాండీ?" అంది.

రాయొచ్చు. రాయాలి. ఆ బిడ్డ ఇంకా హోములోనే వున్నాడు, ఆర్డరు ఇంకా రాలేదు. ఆ ఆర్డరు ఇచ్చేవాళ్ళు ఈ మూడు లైన్లూ చదవాలి. చదివేలా చూడ్డం మన అందరి పని.